మొక్క దప్పిక

మనుజుడు దప్పిక కలిగినచో బావియొద్దకు పోవును. పశువు వాగును వెదకికొనును. మొక్కకు ఆ వీలు లేదు. మొలచిన చోటనే నిలిచి, దొరకిన నీటితోనే ప్రాణము నిలుపుకొనవలెను. వానలు వెనుకబడి నేల బీటలువారునప్పుడు అది యేమి చేయును?

ఆకులపై కంటికి కానరాని సన్నని పత్రరంధ్రములు వేలకొలదిగా నుండును. ఒక్కొక్క రంధ్రమునకు ఇరువైపుల రెండు రక్షకకణములు తలుపురెక్కలవలె అమరియుండును. ఈ ద్వారములగుండ బొగ్గుపులుసు వాయువు లోనికి పోవును. దానితో ఆకు ఎండవెలుగున ఆహారమును తయారుచేసికొనును. కాని ఆ ద్వారములనుండియే నీరు ఆవిరియై వెలికి పోవును. వేళ్లు పీల్చిన నీటిలో నూటికి 90 పాళ్లకు పైగా ఇట్లే పోవుచున్నది.

నేల ఎండునప్పుడు మొక్కలో అబ్‌సిసిక్ ఆమ్లమను పదార్థము హెచ్చును. ఇది మొక్క తన అవయవములకు తానే పంపుకొను కబురు. ఈ కబురు అందగానే రక్షకకణములలోని పొటాసియము మొదలగు లవణములు బయటికి పోవును. వాని వెంట నీరును పోవును. బిగిసియున్న కణములు సడలి, నడిమి ద్వారము మూసికొనును. ఇదంతయు కొలది నిమిషములలో జరుగును.

ఈ పదార్థమును కనుగొన్నవారు దప్పికను గూర్చి వెదకినవారు కారు. ప్రత్తికాయలు ఏల రాలునని పరిశోధించుచు, 1963లో అమెరికాలో ఆడికాట్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును దీనిని వేరుచేసిరి. ఆ కాలముననే బ్రిటనులో వేరింగ్ అను శాస్త్రజ్ఞుడు, చలికాలమున చెట్ల మొగ్గలు ఏల నిద్రించునని పరిశీలించుచుండెను. ఇరువురికి దొరకినది ఒకే పదార్థమని 1965లో తేలినది. వాడిన ఆకులలో ఇది మిక్కిలిగా హెచ్చునని అటుపిమ్మట తెలియవచ్చెను.

అయితే తలుపు మూసినందువలన నష్టమును లేకపోలేదు. నీరు నిలుచును గాని బొగ్గుపులుసు వాయువు రాదు, ఆహారము తగ్గును, ఎదుగుదల కుంటుపడును. దప్పికను తప్పించుకొనుటకై మొక్క ఆకలిని కొనితెచ్చుకొనుచున్నది. కావుననే బెట్టకు తట్టుకొని నిలిచిన పైరునందు సైతము గింజ తగ్గును.

సకాలమున నీరందినచో ఆమ్లము తగ్గి, ద్వారములు మరల తెరచుకొనును. ఆలస్యమైనచో ఈ ఉపాయమును మొక్కను కాపాడజాలదు. వేళకు పెట్టిన ఒక్క తడి పైరును నిలుపునని రైతు అనుభవముచే ఎరిగియున్నాడు. మొక్క లోలోపల పంపుకొను కబురును తెలిసికొన్నచో, ఆ మాటలోని సత్యము మనకును బోధపడును.