మీకు తెలుసా? భూసార పత్రంలో సీసానికి గడి లేదు

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో మట్టికి 12 పరీక్షలు చేస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, వాటితోపాటు జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. పైరుకు ఏం తక్కువైందో ఆ కార్డు చెబుతుంది. పైరు ద్వారా మన కంచంలోకి వచ్చే కాడ్మియం, సీసం సంగతి అందులో ఉండదు.

ఈ 12లో జింకుకు సికింద్రాబాద్‌తో చుట్టరికం ఉంది. వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు తెచ్చే ‘ఖైరా’కు కారణం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్‌లో తేల్చిన వై.ఎల్. నెనె తర్వాత పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేశారు. 1994లో సికింద్రాబాద్‌లో ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ స్థాపించారు. మన రైతులు వరికి ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయడం వెనుక ఉన్నది ఆ లోపమే. కిలో మట్టిలో పైరుకు అందే జింకు 0.6 మిల్లీగ్రాములకు తగ్గితే లోపం ఉన్నట్టు లెక్క.

అంత చిన్న మోతాదును ఎలా పట్టుకుంటారు? 10 గ్రాముల మట్టికి 20 మిల్లీలీటర్ల డీటీపీఏ ద్రావణం కలిపి, రెండు గంటలు కుదిపి, వడకట్టిన నీటిని అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రంలో పెడతారు. ఒక్కో లోహానికి ఒక్కో దీపం. జింకు దీపం తీసి కాడ్మియం దీపం పెడితే అదే యంత్రం అదే ద్రావణంలో కాడ్మియాన్నీ చదువుతుంది. పైరుకు అందకుండా మట్టిలో పేరుకున్నదంతా తేలాలంటే మాత్రం మట్టిని గాఢ ఆమ్లాల్లో ఉడికించాలి.

ఈ పరీక్ష ఎక్కడ అవసరమో చూడండి. సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్ పక్కనే ఉన్న హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి, పికెట్ నాలాలు దిగుతాయి. కూకట్‌పల్లి నాలా ఏళ్ల తరబడి ఇళ్ల మురుగుతోపాటు ఫ్యాక్టరీల వ్యర్థాలనూ మోసుకొచ్చింది. సాగర్ నిండితే మిగులు నీరు మూసీలో కలుస్తుంది. నగరం దాటాక మూసీ నీటితో వరి, ఆకుకూరలు, పశువులకు పారాగడ్డి పండిస్తారు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో విషలోహాలు మామూలును మించి ఉన్నాయని హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2001లోనే ప్రచురించారు. ఇలాంటి నీరు పారే పొలాలకు, ఇలాంటి వాడల దిగువన ఉన్న పొలాలకు ఇచ్చే కార్డులోనైనా సీసం, కాడ్మియం గడులు చేర్చాలి. యంత్రం ఉన్నచోట ఇది కొత్త విద్యేమీ కాదు. పండించేవాళ్లకూ తినేవాళ్లకూ ఆ అంకె తెలుసుకునే హక్కుంది.

కూర కడిగితే లోహం పోతుందా? సీసం విషయంలో కొంత పోతుంది. వేరు పీల్చిన సీసంలో ఎక్కువ భాగం వేరులోనే నిలిచిపోతుంది, ఆకు మీద ఉండేది చాలావరకు దుమ్ముతో వచ్చినదే. కాడ్మియం అలా కాదు. వేరునుంచి ఆకులోకి తేలిగ్గా ఎక్కుతుంది, ఎన్ని నీళ్లతో కడిగినా వదలదు. ఒంట్లోకి చేరాక మూత్రపిండాల్లో పదేళ్లకు పైగా తిష్ట వేస్తుంది. జపాన్‌లోని జింజు నది ఒడ్డున గని వ్యర్థాలు కలిసిన నీటితో పండిన బియ్యం తిని, ఎముకలు పెళుసై జనం విలవిల్లాడారు. ఆ ‘ఇతాయ్-ఇతాయ్’ జబ్బుకు మూలం కాడ్మియమేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

మట్టి నమూనా తీసేటప్పుడు జింకు పూత బకెట్, తుప్పు పట్టిన పార వాడకండి. వాటి లోహమే నమూనాలో కలిసి లెక్క తప్పుతుంది. చెక్క, ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీలు పనిముట్లు మేలు. పొలమంతా అడ్డదిడ్డంగా తిరిగి పదిచోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, పైనుంచి కిందిదాకా పలచటి పొర గీసి, అన్నీ కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో ఇస్తే చాలు. సంచి మీద పొలానికి ఏ నీరు పారుతుందో కూడా రాయండి.

అంకె తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. ఆమ్ల నేలల్లో కాడ్మియం పైరుకు ఎక్కువగా అందుతుంది, సున్నం వేస్తే తగ్గుతుంది. వరి మడిలో నీరు నిలిచి ఉన్నంతకాలం అది గంధకంతో బిగుసుకుని మట్టిలోనే ఉంటుంది, కోతకు ముందు మడి ఆరబెడితే గింజలోకి ఎక్కుతుంది. మరో విషం ఆర్సెనిక్‌ది దీనికి తిరగబడ్డ గుణం, నిలవ నీటిలోనే అది విడివడుతుంది. అందుకే మడిలో నీరు ఎప్పుడు తీయాలో చెప్పే ముందు ఆ మట్టిలో ఏ లోహం ఉందో తేలాలి.