ఎనిమిదో తరగతిలో పోయిన సీటు

మా పెద్దమ్మాయికి సీఈటీ ర్యాంకు వచ్చిన రోజు ఇంట్లో పాయసం చేసుకున్నాం. సీట్లు తేలిన రోజు ఎవరమూ సరిగా అన్నం తినలేదు. తప్పు ర్యాంకుది కాదు, అమ్మాయిదీ కాదు. తప్పు నాది. అది కూడా అయిదేండ్ల ముందు, ఆమె ఏడు పాసై ఎనిమిదిలోకి పోయేటప్పుడు నేను చేసింది.

మాది గౌరిబిదనూరు తాలూకాలో నాగరగెరె. ఆంధ్ర బార్డరు పక్కనే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. నేను మిల్లులో రింగ్ ఫ్రేము మీద ఇరవై ఏండ్లుగా ఉన్నాను. నాతో పని చేసేవాళ్లలో చానా మంది పిల్లల్ని టౌనులో ఇంగ్లీషు మీడియంలో చేర్చినారు. నేనూ చేర్చినా. ఓవర్‌టైము చేసి వ్యాను బాడుగ కట్టినా. బిడ్డకు మంచి చేస్తా ఉన్నాననే అనుకున్నా.

సీఈటీలో సీట్లు ఎట్లా పంచుతారో అప్పుడు నాకు తెలీదు. ఒక్కొక్క కేటగిరీలో మళ్లీ మూడు గంపలు ఉంటాయి. 2ఏ తీసుకుంటే 2ఏజీ, 2ఏఆర్, 2ఏకే అని రాసుంటుంది. జీ అంటే మామూలు గంప. ఆర్ అంటే రూరల్, పల్లెబడి పిల్లలది. నూటికి 15 సీట్లు. కే అంటే కన్నడ మీడియం వాళ్లది, నూటికి 5. కానీ ఆర్ కావాలంటే ఒకటి నుండి పది దాకా, పదేండ్లూ మన రాష్ట్రంలోని పల్లె బడిలోనే చదివుండాలి. కే కావాలంటే పదేండ్లూ కన్నడ మీడియమే. మా అమ్మాయి ఏడేండ్లు రెండూ చేసింది. ఏడు చేస్తే ఏడుకు తగ్గట్టు ఏమన్నా ఇస్తారా అంటే, లేదు. పదికి పది ఉంటేనే లెక్క.

కటాఫ్ కాగితం చూసుకుంటే బెంగళూరులో ఆమె కోరుకున్న కాలేజీలో ఆర్ కింద చివరి సీటు ఆమెకంటే వెనక ర్యాంకుకే వచ్చింది. మాకు దూరం కాలేజీ, ఎక్కువ ఫీజు పడింది. ఇంట్లో ఆమె మెడలోని సరుడు బ్యాంకులో కుదువ పెట్టినాం. రింగ్ ఫ్రేములో దారం తెగితే ఒక్క క్షణంలో అతికిస్తాం. ఈ పదేండ్ల లెక్క తెగితే అతికించేది లేదు.

ఇంకొకటీ పోయింది, అది తర్వాత తెలిసింది. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అని ఒక పరీక్ష ఉంటుంది. సర్కారు బడి, ఎయిడెడ్ బడి పిల్లలకు మాత్రమే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో నూటికి 55 రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 చాలు. రెండు పేపర్లు, ఒక్కొక్కటి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఒకటి లెక్కతో, బుర్రతో ఆలోచించే ప్రశ్నలు, ఇంకొకటి పాఠాలు. ఎంపికైతే తొమ్మిది నుండి రెండో పీయూసీ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. నాలుగేండ్లకు 48 వేలు. మధ్యలో మార్కులు తగ్గకుండా చూసుకోవాలి. ప్రైవేటు బడికి పోయిన మా అమ్మాయి ఆ పరీక్ష రాసే దారే లేకపోయింది.

ఇదంతా ఇంట్లో చెప్పుకుని కుమిలేదానికన్నా, ఏదైనా చేద్దామని మూడేండ్లుగా ఆదివారం పొద్దున మా అరుగు మీద ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లల్ని కూర్చోబెడతా ఉన్నాను. ఏడెనిమిది మంది వస్తారు. షిఫ్టు మారితే ఒక వారం తప్పుతుంది. నేను పాఠం చెప్పే మనిషిని కాను, నా చదువు పదితోనే ఆగింది. నేను చూసేది కాగితాలు. పాఠం పని మా అమ్మాయి సెలవుల్లో వచ్చినప్పుడు చూస్తుంది.

ఆమె నాతో ఒప్పుకోదు కూడా. "నాయనా, ఊరికే ఇంగ్లీషు మీడియాన్ని తిట్టద్దు. పీయూసీ సైన్సులో మొదటి నెలలో కన్నడ మీడియం పిల్లలు ఏడ్చినారు. నేను ఏడవలేదు" అంటుంది. అది నిజమే. కోటా ఉందని పల్లె బడిలో ఉంచి, పీయూసీలో ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెడితే బిడ్డ మునుగుతుంది. అందుకే ఆమె ఒక నోటు బుక్కు పద్ధతి పెట్టింది. పేజీకి మూడు గీతలు. మొదటి వరుసలో బడి కన్నడ మాట, రెండోదాంట్లో ఇంగ్లీషు, మూడోదాంట్లో మన తెలుగు. 'ద్యుతిసంశ్లేషణె', ఫొటోసింథసిస్, కిరణజన్య సంయోగక్రియ. 'వేగోత్కర్ష', యాక్సిలరేషన్, త్వరణం. 'జీవకోశ', సెల్, కణం. ఇక్కడ పిల్లలు నవ్వుతారు, ఎందుకంటే కన్నడంలో 'కణ' అంటే పార్టికల్. రోజుకు అయిదు మాటలు రాసినా పది పాసయ్యే లోపల మూడు నోటు బుక్కులు నిండుతాయి. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు ప్రతి కూడా అచ్చవుతుంది, పాఠాలు అవే. పక్క పక్కన పెట్టుకుని చదవమంటుంది.

కాగితాల సంగతి మాత్రం నేను గట్టిగా అడుగుతాను. కుల పత్రం, ఆదాయ పత్రం నాడకచేరిలో ఇస్తారు. వాటి మీద ఆర్‌డీ నంబరు ఉంటుంది, సీఈటీ అర్జీలోనూ స్కాలర్‌షిప్పు అర్జీలోనూ ఆ నంబరే అడుగుతారు. చిక్కు పేర్లతో వస్తుంది. మన ఇండ్లలో తండ్రి పేరు బడిలో 'రవణప్ప', ఆధార్‌లో 'రమణప్ప' అని ఉండడం మామూలు. తెలుగు పేరును కన్నడలో రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లీషులో కొట్టేటప్పుడు ఒక అక్షరం అటో ఇటో పోతుంది. ఎనిమిదిలో ఉంటే హెడ్‌మాస్టరు దగ్గరే బడి దాఖలా సరిచేయించుకోవచ్చు. ఎస్సెల్సీ మార్కుల కార్డు అచ్చయిన తర్వాత బోర్డు దాకా తిరగాలి, రోజుకూలి పోగొట్టుకుని.

మిల్లులో ఉండేవాళ్లకు ఒక మాట. జీతం చీటీలో ఏడాదికొకసారి లేబర్ వెల్ఫేర్ ఫండ్ అని చిన్న కోత ఉంటుంది, చూసినారా? నేను పద్నాలుగేండ్లు చూడలేదు. కర్ణాటక కార్మిక కల్యాణ మండలి ఆ డబ్బు నుండే కార్మికుల పిల్లలకు చదువు సాయం ఇస్తుంది, హైస్కూలు నుండే. మిల్లు వాళ్లు మీరు అక్కడ పని చేస్తా ఉన్నట్టు ధ్రువపరచాలి, బిడ్డ మార్కులు ఉండాలి. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు.

పని కోసం ఊర్లు మారే కుటుంబాలు ఇంకొకటి గమనించండి. మా పక్క చానా మంది హిందూపురానికి పోయి నాలుగేండ్లుండి వెనక్కి వస్తారు. ఇక్కడి సీట్లకు అర్హత కావాలంటే మామూలు దారి ఏమంటే, ఒకటి నుండి రెండో పీయూసీ లోపల ఏడేండ్లు కర్ణాటకలో చదివి, ఎస్సెల్సీ గానీ రెండో పీయూసీ గానీ ఇక్కడ పాసయ్యుండాలి. వేరే క్లాజులు కూడా ఉన్నాయి. కేఈఏ ప్రతి ఏడూ నిబంధనల పుస్తకం వేస్తుంది; ఊరు మారే ముందు అది చదివినవాళ్లను అడగండి, నన్ను నమ్మి ఊరుకోవద్దు.

పిల్లలకు నేను హెచ్. నరసింహయ్య గారి సంగతి చెప్తా ఉంటాను. మన తాలూకా హోసూరులో 1920లో పుట్టిన పేదింటి బిడ్డ, ఇంట్లో తెలుగే. బస్సు చార్జీకి డబ్బు లేక 1935లో బెంగళూరుకు నడిచి పోయి నేషనల్ హైస్కూల్లో చేరినాడు. అమెరికాలో ఓహాయో స్టేట్ యూనివర్సిటీలో ఫిజిక్సులో డాక్టరేటు చేసి, బెంగళూరు యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయినాడు. గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు వచ్చిందీ ఆయన వల్లే. అంత దూరం ఇంకొక బిడ్డ నడవకూడదనే కట్టించినాడని నా నమ్మకం.

పోయిన ఆదివారం ఒక పాప వాళ్ల నాయన వచ్చినాడు. నా లైన్లోనే పని. బిడ్డ ఏడు పాసయింది, టౌను బడిలో చేర్చేదానికి అడ్వాన్సు ఇచ్చేసి వచ్చినానన్నాడు. అయిదు వేలు, తిరిగి ఇవ్వరంట. లోపలి నుండి కటాఫ్ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టినాను. చానా సేపు చూసినాడు. "అన్నా, ఆ అయిదు వేలు పోతే పోనీ. అయితే ఆ నోటు బుక్కు మా పాపకు ఎప్పటినుండి మొదలుపెడతారు?" అన్నాడు.