కోర్టు వరండాలో చదువు

న్యాయశాస్త్ర విద్యార్థికి ఇంటర్న్‌షిప్, అంటే ఆచరణలో శిక్షణ, తప్పనిసరి. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం అయిదేళ్ళ కోర్సులో 20 వారాలు, మూడేళ్ళ కోర్సులో 12 వారాలు. కింది కోర్టు వకీలు దగ్గర ఒక్కసారైనా పనిచెయ్యాలి. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ చివరి షరతే అసలు పాఠంగా తోస్తుంది.

పుస్తకంలో 'విచారణ ఖైదీ' ఒక నిర్వచనం. కింది కోర్టులో అతను, బెయిలు మంజూరైనా జామీనుండే దిక్కులేక జైల్లో మిగిలిపోయిన కూలివాడు. పడబోయే శిక్షకన్నా ఎక్కువకాలం విచారణలోనే మగ్గినవారు బీహారు జైళ్ళలో ఉన్నారని 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసు బయటపెట్టింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్, కొన్ని మినహాయింపులతో, ఇదివరకు శిక్షపడనివాణ్ణి గరిష్ఠశిక్షలో మూడోవంతు గడవగానే బాండుమీద విడవాలంటుంది. అందుకు కోర్టుకు రాయవలసింది జైలు సూపరింటెండెంటు. అయినా ఆ రోజులు లెక్కపెట్టే మరో మనిషి కావాలి. ఆ పని విద్యార్థి చెయ్యగలడు.

రావిశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. 'ఆరు సారా కథలు'కు ముడిసరుకు కోర్టు అనుభవమే. సానుభూతి ఒక్కటే ఆ కథల్ని రాయించలేదు; చట్టం పేదవాడిమీద ఎలా పనిచేస్తుందో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. కనుక మన యువరచయితలు కూడా ఆ విద్యార్థుల పక్కన కొన్నాళ్ళు కోర్టు వరండాలో కూర్చోవాలని నా మనవి.