7 లెక్క తాళం ఎందుకు ఒరుగుతుంది?

చాలా పాటలకు తెలియకుండానే 4 లెక్కతో చప్పట్లు కొడతాం. 4ని సరిసమానంగా రెండు చేయొచ్చు. 7ని చేయలేం. అందుకే కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళం 3, 4గా విడిపోయి, ఓ పక్కకు ఒరిగినట్టు వినిపిస్తుంది.

వాయించడం ఎలా? మృదంగం ముట్టుకోకముందే నోటితో అనండి: తకిట తకధిమి. అక్షరాలన్నిటికీ ఒకే నిడివి. రెండు ‘త’ల దగ్గర మాత్రం తొడ మీద గట్టిగా తట్టండి. ‘తకిట’ తర్వాత ఓ అక్షరమంత ఆగారో, 8 అయిపోతుంది!

ఇప్పుడు అక్షరానికో అడుగు వేస్తూ నడవండి. మొదటి ‘త’ కుడికాలి మీద పడితే, తర్వాతి ఆవర్తనం, అంటే తర్వాతి 7 అక్షరాల చుట్టు, ఎడమకాలితో మొదలవుతుంది. 14 అడుగులయ్యాకే మళ్లీ కుడికాలి వంతు. భలే తమాషా!

కర్ణాటక వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి ఈ తాళాన్ని తిరగేసి, ముందు 4, వెనక 3గా కూడా కృతులు కట్టారు. అది విలోమ చాపు: తకధిమి తకిట.