ఆంధ్ర నాటుకోళ్ళు: అపోహలు – వాస్తవాలు

ఆంధ్రప్రదేశ్‌ను స్వస్థలంగా చూపుతూ జాతీయ స్థాయిలో నమోదైన కోళ్ళ జాతులు నాలుగు: అసీల్, డంకి, కాళహస్తి, ఘాగస్. దేశవాళీ పశుపక్ష్యాదుల జాతులను నమోదు చేసే సంస్థ హర్యానాలోని కర్నాల్‌లో ఉంది. అది జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో. అసీల్ ఆంధ్రతో పాటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల్లోనూ కనిపిస్తుంది. డంకిది ఉత్తరాంధ్ర. కాళహస్తి జాతిది ఉమ్మడి చిత్తూరు జిల్లా. ఘాగస్ చిత్తూరు నుంచి కర్ణాటకలోని కోలారు దాకా విస్తరించింది. నాటుకోడి రుచి తెలిసినవారిలోనూ ఈ పేర్లన్నీ విన్నవారు తక్కువే. నాటుకోడి గురించి ప్రచారంలో ఉన్న అపోహలు మాత్రం ఎక్కువ.

అపోహ: బ్రాయిలర్ కానిదల్లా నాటుకోడే.

వాస్తవం: బజారులో రంగు ఈకలున్న కోడి దేన్నైనా నాటుకోడి పేరుతో అమ్ముతారు. వాటిలో చాలావరకు వనరాజా, గ్రామప్రియ, గిరిరాజా వంటివి. వనరాజా, గ్రామప్రియలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించింది. గిరిరాజా బెంగళూరులో తయారైంది. పెరటి పెంపకం కోసం వేర్వేరు వంశాలను కలిపి పుట్టించిన మెరుగైన రకాలు ఇవి. పెరట్లో తిరిగినా, రంగురంగులుగా ఉన్నా ఇవి దేశవాళీ జాతులు కావు. జాతి అంటే తరతరాలుగా తన లక్షణాలను పిల్లలకు అందిస్తూ వచ్చే సమూహం. సంకర రకం కోళ్ళను వాటిలో వాటినే దాటిస్తే పుట్టే పిల్లలు ఒక్కోటి ఒక్కో తీరుగా తేలతాయి. అందుకే ఈ రకాల పిల్లలను రైతు ప్రతిసారీ హేచరీ నుంచి కొనుక్కోవాల్సి వస్తుంది.

జాతి తెలియకుండా ఊళ్ళో కలగలిసిపోయిన నాటుకోళ్ళు వీటికీ భిన్నమైనవి. అవి స్థానికమైనవే గాని, నమోదైన ఈ నాలుగు జాతుల్లోకి రావు.

అపోహ: కాకి, డేగ, నెమలి, సేతువ వేర్వేరు జాతులు.

వాస్తవం: ఇవన్నీ ఈక రంగును బట్టి వచ్చిన పేర్లు. నల్లనిది కాకి, ఎర్రనిది డేగ, తెల్లనిది సేతువ. రంగుల కలయికను బట్టి పర్ల, సవల, కౌజు, పింగళ, మైల అనే పేర్లు కూడా ఉన్నాయి. ఒకే పెట్ట పొదిగిన పిల్లల్లో రెండు మూడు రంగులు కనిపించవచ్చు. అసీల్‌ను గుర్తుపట్టాలంటే రంగు కన్నా ఒడ్డూపొడుగూ ముఖ్యం: నిటారుగా నిలబడే తీరు, పొడవైన మెడ, బలమైన పొడుగాటి కాళ్ళు, ఒంటికి అతుక్కున్నట్టుండే గట్టి ఈకలు, తలపై అణిగి ఉండే చిన్న తురాయి.

అపోహ: బరిలో దిగే ప్రతి పుంజూ అసీలే.

వాస్తవం: పందెపు కోళ్ళ పెంపకందారులు గెలుపు కోసం విదేశీ రకాలతోనూ సంకరం చేస్తారు. అలా పుట్టిన పుంజు ఎంత బాగా పోట్లాడినా స్వచ్ఛమైన అసీల్ కాదు. మరోవైపు, అసీల్ పందేలకే పుట్టిన కోడీ కాదు. గోదావరి పరిసరాల ఆదివాసీ గూడేల్లో అది చుట్టాలొస్తే కూర, గ్రామదేవతకు మొక్కు, అత్యవసరంలో చేతికందే డబ్బు.

అపోహ: నాటుకోడి మన అడవికోడి నుంచే, ఇక్కడే పుట్టింది.

వాస్తవం: పెంపుడు కోడికి ప్రధాన మూలం ఎర్ర అడవికోడి. 2020లో వెలువడిన విస్తృత జన్యు పరిశోధన ప్రకారం, ఆ అడవికోడి ఉపజాతుల్లో పెంపుడు కోడికి అతి దగ్గరిది నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ ప్రాంతాలది. అక్కడి నుంచి వ్యాపించిన పెంపుడు కోళ్ళు దారిలో స్థానిక అడవికోళ్ళతోనూ కలిశాయి. దక్షిణ భారతంలోని బూడిదరంగు అడవికోడి వాటా కూడా ఇందులో ఉంది. చాలా కోళ్ళలో కనిపించే పసుపుపచ్చ చర్మానికి కారణమైన జన్యువు దాని నుంచి వచ్చిందని 2008లో తేలింది. స్థూలంగా గోదావరికి ఉత్తరాన ఎర్ర అడవికోడి, దక్షిణాన బూడిదరంగు అడవికోడి నివసిస్తాయి.

అపోహ: బ్రాయిలర్‌కు, నాటుకోడికి ఏ సంబంధమూ లేదు.

వాస్తవం: బ్రాయిలర్ పితృవంశంలో ప్రధానమైనది కార్నిష్ జాతి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతంలో 19వ శతాబ్దంలో దాన్ని తయారుచేసినప్పుడు వాడిన కోళ్ళలో భారతదేశం నుంచి వెళ్ళిన అసీల్ ఒకటి. బ్రాయిలర్ విశాలమైన రొమ్ము వెనక ఆ వారసత్వం ఉంది. తేడా అంతా తర్వాత జరిగిన ఎంపికలో వచ్చింది. బ్రాయిలర్ దాదాపు ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది. పెరట్లో తిరిగే నాటుకోడి కిలో, కిలోన్నర తూగడానికి నెలలు పడుతుంది. ఎక్కువ కాలం బతికి, తిరిగి తిరిగి కండ గట్టిపడటం వల్లే దాని మాంసం ఉడకడానికి అంత సేపు పడుతుంది.

అపోహ: గోధుమరంగు గుడ్డంటే నాటు గుడ్డు. దానిలో బలం ఎక్కువ.

వాస్తవం: పెంకు రంగు కోడి వంశాన్ని బట్టి వస్తుంది. ఫారాల్లో పెంచే కొన్ని రకాలు, పెరటి రకమైన గ్రామప్రియ కూడా గోధుమరంగు గుడ్లే పెడతాయి. లోపలి పోషకాలకూ పెంకు రంగుకూ సంబంధం లేదు. పచ్చసొన ముదురు రంగు మేత నుంచి వస్తుంది. పచ్చగడ్డి, ఆకులు, మొక్కజొన్న తిన్న కోడి గుడ్డులో సొన రంగు ముదురుతుంది. నాటు గుడ్డు సాధారణంగా ఫారం గుడ్డు కన్నా చిన్నది కాబట్టి, గుడ్డుకు గుడ్డు లెక్కన అందులో మాంసకృత్తులు కాస్త తక్కువే.

అపోహ: గుడ్లు తక్కువ పెడుతుంది కాబట్టి నాటు పెట్ట దండగ.

వాస్తవం: ఫారం కోడి ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది. ఊళ్ళో తిరిగే అసీల్, డంకి పెట్టలు అందులో ఎనిమిదో, పదో వంతు పెట్టినా గొప్పే. ఆ తేడాకు వంశం ఒక కారణమైతే, పొదుగు మరో కారణం. పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, ఆపై వారాల తరబడి పిల్లలను వెంటేసుకు తిరుగుతుంది. అన్నాళ్ళూ గుడ్డు పెట్టదు. పిల్లలను త్వరగా వేరుచేస్తే మళ్ళీ త్వరగానే గుడ్లకు వస్తుంది. ఫారం కోళ్ళలో ఎక్కువ గుడ్ల కోసం ఈ పొదిగే గుణాన్ని ఎంపిక ద్వారా తొలగించారు. అందుకే వాటి సంతతికి ఇంక్యుబేటర్, కరెంటు కావాలి. నాటు పెట్టకు ఓ గంప చాలు.

అపోహ: నాటుకోడికి రోగం రాదు, మందులు, టీకాలు అక్కర్లేదు.

వాస్తవం: ఎండను, అరకొర మేతను నాటుకోడి బాగా తట్టుకుంటుంది. డేగనో, పిల్లినో పసిగట్టి తప్పించుకుంటుంది. కానీ కొక్కెర తెగులు ముందు ఆ మొండితనం నిలవదు. వైరస్‌తో వచ్చే ఈ తెగులు ఊరిలోకి అడుగుపెడితే పెరళ్ళన్నీ ఖాళీ అయిపోతాయి. రాణిఖేత్ అన్నా ఇదే. రొప్పు, పచ్చటి పారుడు, మెడ మెలితిరగడం దీని లక్షణాలు. సోకాక మందు లేదు, ముందే వేసే టీకాయే దారి. పిల్లలకు తొలి వారంలో లసోటా చుక్కలు, రెండు నెలల వయసు దాటాక ఆర్2బి ఇంజెక్షన్ వేయించాలి. పెరట్లో తిరిగే కోళ్ళకు నులిపురుగుల మందు కూడా అవసరమే.

అపోహ: పందేలు ఆగితే అసీల్ అంతరించిపోతుంది.

వాస్తవం: జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. పందేల మీద జూదానికి 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం వర్తిస్తుంది. అసీల్‌ను పెంచడం, అమ్మడం, తినడం మాత్రం నేరం కాదు. పందెం పెంపకం కొద్దిపాటి పుంజుల చుట్టూ తిరుగుతుంది, పైగా సంకరాన్ని ప్రోత్సహిస్తుంది. జాతి నిలవాలంటే కావలసింది రకరకాల పుంజులు, పెట్టలు ఉన్న పెద్ద మంద. ఆ మందను ఇన్నాళ్ళూ నిలిపింది గూడేల్లో, పల్లెల్లో కోళ్ళు సాకే ఆడవాళ్ళు. రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ కూడా అసీల్, ఘాగస్ మందలను కాపాడుతోంది.

అపోహ: నాటుకోళ్ళు ఊరూరా ఉన్నాయి, వాటికి ముప్పేమీ లేదు.

వాస్తవం: 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ళు సుమారు 31.7 కోట్లు. అంతకుముందు గణన కన్నా దాదాపు 46 శాతం ఎక్కువ. అయితే పెరటి కోడి అనే ఆ లెక్కలో మెరుగైన రకాలూ ఉన్నాయి. కాబట్టి పెరటి కోళ్ళు పెరిగినంత మాత్రాన దేశవాళీ జాతులు పెరిగినట్టు కాదు. ఊళ్ళోకి వచ్చిన మెరుగైన రకం పుంజు అక్కడి పెట్టలన్నిటినీ దాటుతుంది. కొద్ది తరాల్లోనే జాతి లక్షణాలు చెదిరిపోతాయి. డంకి, కాళహస్తి వంటి కొద్ది ప్రాంతానికి పరిమితమైన జాతులకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

దీన్ని ఆపడానికి ఖరీదైన ఏర్పాట్లేమీ అక్కర్లేదు. జాతి ఉన్న ఊళ్ళలో బయటి పుంజులను దాటుకు వదలకుండా చూడాలి. పెద్ద పుంజును అమ్మేముందు దాని సంతతిలో మంచిదాన్ని నిలుపుకోవాలి. దగ్గరి చుట్టరికం దాటులు జరగకుండా రెండు మూడేళ్ళకోసారి పక్క ఊరి నుంచి అదే జాతి పుంజును తెచ్చుకోవాలి. ఆదివాసీ గూడేల్లో వాటా పద్ధతి ఉంది: ఒకరు తమ పెట్టను మరొకరికి పెంపకానికి ఇస్తారు, పుట్టిన పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. తెగులొచ్చి ఒక ఇంటి కోళ్ళన్నీ పోయినా, మరో ఇంట్లో అదే వంశం మిగలడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది.