మీకు తెలుసా? నాలుకను మండించు మిరప నాడీవేదనను తగ్గించును

మిరపకాయకు ఘాటునిచ్చు కాప్సైసిన్ అను పదార్థము, నల్లమందు జాతికి చెందిన ఔషధములతో నిమిత్తము లేకయే, దీర్ఘకాలిక నాడీవేదనకు ఉపశమనము నొసగుచున్నది. చర్మమందలి నాడీతంతువులలో వేడిమిని, ఈ ఘాటును ఏకరీతిగా గుర్తించు గ్రాహకమును 1997లో తన సహచరులతో గూడి కనుగొనిన అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్, 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమానమును మరియొకరితో పంచుకొనెను. కాప్సైసిన్ ఆ గ్రాహకమును తొలుత తీవ్రముగా ప్రేరేపించి, పిమ్మట ఆ తంతువుల కొసలను నిస్తేజములను గావించుటచే, మెదడునకు చేరు నొప్పి సంకేతములు సన్నగిల్లును. సర్పి మానిన పిదపను మాసముల తరబడి వేధించు నొప్పికి, 8 శాతము కాప్సైసిన్ గల పట్టీని వైద్యుల పర్యవేక్షణలో ఒక గంటసేపు అతికించినచో, కొందరికి దాదాపు 3 నెలల వరకు ఊరట కలుగును. వంటింటి కారమును చర్మమునకు పూయుట మాత్రము హానికరము. బాధితులు సహనమొక్కటే శరణ్యమని నిరాశ చెందక, ఇట్టి మార్గములనుగూర్చి వైద్యుని తప్పక అడుగవలెను.