చలిజ్వరానికి కషాయం చాలునా?

"నాలుగు రోజులుగా జ్వరమండీ. నేలవేము కషాయం పట్టించాం. తగ్గింది, మళ్ళీ వచ్చింది." వానాకాలంలో మా ఓ.పి.లో తరచు వినే మాట ఇది. ఆ తల్లిదండ్రులను మేము తప్పుపట్టము. పెద్దలు చెప్పినదే వారు చేశారు. అయితే ఆ నాలుగు రోజులు బిడ్డ ప్రాణానికి ఎంత విలువైనవో అందరూ తెలుసుకోవాలి.

మొక్కల నుండి వచ్చిన మందులే

మలేరియాకు పేరుపొందిన రెండు మందులు మొక్కల నుండే వచ్చాయి. దక్షిణ అమెరికాలోని సింకోనా చెట్టు బెరడును 17వ శతాబ్దంలో జెస్యూట్ గురువులు యూరప్‌కు చేర్చారు. 1820లో ఫ్రాన్సులో ఆ బెరడు నుండి క్వినైన్‌ను వేరుచేశారు.

రెండవది ఆర్టెమిసినిన్. చైనా శాస్త్రవేత్త తు యుయు, సుమారు 1,700 ఏళ్ళ నాటి వైద్య గ్రంథంలో ఒక మొక్కను నీటిలో నానబెట్టి పిండి తాగాలని చదివారు. కాచమని అందులో లేదు. వేడికి మందు గుణం పోతోందని ఆమె గ్రహించి, తక్కువ వేడిలో సారం తీశారు. 1971లో ఆ సారం ఎలుకలలోనూ కోతులలోనూ మలేరియా క్రిములను అణచివేసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

మరి ఆకులే వాడవచ్చు కదా?

వాడకూడదు. ఆకులో మందు ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. చాలీచాలని మందుతో కొన్ని క్రిములు చచ్చి, కొన్ని మిగులుతాయి. అందుకే ఆ మొక్క ఆకుల టీని ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియాకు సిఫారసు చేయడం లేదు. మన మాచిపత్రి దాని జాతిదే అయినా వేరే మొక్క, ఆ మందుకు బదులు కాదు. నేలవేము, తిప్పతీగ, వేపాకు మనిషిలో మలేరియాను నయం చేస్తాయని రుజువు కాలేదు. వేపనూనె మాత్రం పసిపిల్లలకు ఎన్నడూ తాగించకండి. మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

కషాయంతో తగ్గింది కదా?

మలేరియా జ్వరం తరచు రోజు విడిచి రోజు వస్తుంది. మధ్యలో చెమటపట్టి ఒళ్ళు చల్లబడుతుంది. ఆ రోజు తాగిన కషాయానికే ఆ పేరు వస్తుంది. క్రిములు మాత్రం రక్తంలో పెరుగుతూనే ఉంటాయి. ఫాల్సిపారం రకమైతే 24 గంటలలోపు మందు పడకపోతే ప్రమాదకరంగా మారవచ్చు.

ఏమి చేయాలి?

• జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించండి. ఏజెన్సీ గ్రామాలలో ఆశా కార్యకర్త వేలి నుండి ఒక్క చుక్క రక్తంతో పరీక్షిస్తారు. అరగంటలోపే ఫలితం తెలుస్తుంది.

• జ్వరం తగ్గినా మందులు పూర్తిగా వాడండి. వైవాక్స్ రకం క్రిములు కాలేయంలో దాగి, నెలల తరువాత మళ్ళీ జ్వరం తెస్తాయి. అందుకే 14 రోజుల ప్రైమాక్విన్ మాత్రలు ఇస్తారు. ఇవి గర్భిణులకు పనికిరావు. గర్భమని అనుమానమున్నా ముందే చెప్పండి.

• మూర్ఛ, మగత, ఆగని వాంతులు, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం: వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకురండి.

• దోమతెర కట్టుకుని పడుకోండి. ఇంటి చుట్టూ నీరు నిలవనీయకండి.

చివరిగా ఒక మాట. కషాయమో పసరు మందో ఇచ్చి ఉంటే డాక్టరు కోప్పడతారని దాచవద్దు. ఏమి ఇచ్చారో, ఎన్ని రోజులు ఇచ్చారో చెప్పండి. మేము కోప్పడము. అది తెలిస్తే మీ బిడ్డకు సరైన వైద్యం చేయడం మాకు సులభమవుతుంది.